గురువారమే ఎందుకు?

"పిల్లలు పని నేర్చుకోడానికి వెళ్ళేది గురువారమే ఎందుకు?"

ఈ ప్రశ్నకు కూరింగా ఊళ్ళో ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు. దాచాలని కాదు, అదొక ప్రశ్నేనని వాళ్ళకు తోచలేదు. సూర్యుడు తూర్పునే ఎందుకు పొడుస్తాడని అడిగినట్టు చూసి, నవ్వేసి, "గురువారం కదా!" అని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

అడిగింది నెరిడా క్విన్లన్. ఆ ఏడు బడి తెరిచినప్పుడు అడిలైడ్ నుంచి వచ్చిన టీచరు. చురుకైనదే, మంచిదే. కాకపోతే శుక్రవారం సాయంత్రం బడి గంట కొట్టగానే కారెక్కి అడిలైడ్ వెళ్ళిపోయి, ఆదివారం పొద్దుగూకాక తిరిగొచ్చేది. కూరింగాలో శనివారం ఎలా ఉంటుందో ఆవిడ ఒక్కసారీ చూడలేదు. మా గోధుమ చేల మధ్య బతుకుతూ శనివారం చూడకపోవడమంటే భోజనానికి పిలిస్తే చేతులు కడుక్కుని వెళ్ళిపోవడమే. కానీ ఆ మాట ఆవిడతో ఎవరంటారు?

కూరింగా బడికి చుట్టుపక్కల పల్లెల పిల్లలే కాక, ముప్పావుగంట దూరంలో ఉన్న డాల్బర్ పిల్లలు కూడా వస్తారు. పదకొండు, పన్నెండు తరగతుల వాళ్ళు వారానికొకరోజు పాఠాలు మానేసి ఎవరో ఒకరి దగ్గర పని నేర్చుకుంటారు. కొందరు ధాన్యం నిలవచేసే సైలోలో, కొందరు గొర్రెల షెడ్డులో, కొందరు వృద్ధాశ్రమంలో. ఆ పనికి చదువులో మార్కులు కూడా కలుస్తాయి. ఎవర్ని ఎక్కడికి పంపాలో, వాళ్ళక్కడ ఏం నేర్చుకుంటున్నారో చూసే బాధ్యత నెరిడా నెత్తిన పడింది. అంతకుముందు దాన్ని చూసిన పెద్ద టీచరమ్మ రిటైరై సముద్రం ఒడ్డుకు కాపురం మార్చింది. ఏర్పాట్లన్నీ ఆవిడ తలలోనే ఉండేవి. తలతో పాటే వెళ్ళిపోయాయి.

ఆగస్టులో పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. తనిఖీకి ఎవరూ రారట. మీ కార్యక్రమం ఎంత బాగుందో మీరే తేల్చుకోండి, పని నేర్పే యజమానుల్ని, పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక్కో అంశానికి నాలుగుకి ఎంతో మీరే వేసుకోండి, తక్కువ పడినచోట ఏం బాగుచేస్తారో రాయండి అన్నారు. నెరిడా సంబరపడింది. ఎవరో వచ్చి తప్పులు పట్టే దానికంటే మన తప్పు మనమే పట్టుకోవడం గౌరవంగా ఉంటుంది కదా అనుకుంది. ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు.

ఎందుకంటే పనిచోట్లన్నీ తిరిగొచ్చాక ఆవిడ బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. యాంగస్ అనే కుర్రాడికి ఉన్ని తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. వాణ్ణి గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డులో పెట్టారు. ఫ్లిన్‌కు వంటంటే ప్రాణం. వాడు సైలోలో చీపురు పట్టుకుని తిరుగుతున్నాడు. పోనీ, పిల్లలు ఏడుస్తున్నారా అంటే లేదు. యజమానులు విసుక్కుంటున్నారా అంటే అదీ లేదు.

"ఎలా ఉందిరా ఫ్లిన్, పని?" అని అడిగింది నెరిడా.

"సూపర్ మిస్."

"ఏం నేర్చుకున్నావు?"

ఫ్లిన్ చాలాసేపు ఆలోచించాడు. "ఊడవడం" అన్నాడు చివరికి. చెప్పి సంతోషంగా నవ్వాడు కూడా.

సైలో యజమానిని అడిగితే, "బంగారం లాంటి కుర్రాడు. భుజాలు చూశారా? అలాంటి భుజాలు మళ్ళీ పుట్టవు" అన్నాడు. చీపురుకి భుజాలతో పనేమిటో నెరిడాకు అంతుపట్టలేదు.

హెడ్మాస్టరు ట్రెవర్ ఆష్బీ గదిలోకి వెళ్ళి తన గోడు చెప్పుకుంది.

"ట్రెవర్, ఈ పిల్లల్ని ఏ లెక్కన పంచారండీ? తలా తోకా కనబడట్లేదు."

"అదలా కుదిరిపోతుందమ్మా. ప్రతి ఏడూ కుదురుతుంది." ఆయన టీ కలుపుకుంటూ అన్నాడు. "అందరూ సంతోషంగానే ఉన్నారుగా?"

"ఉన్నారు. అదే నా భయం. పోనీ, రోజు మార్చి చూద్దామా? బుధవారం చేస్తే..."

ట్రెవర్ చేతిలో చెంచా ఆగిపోయింది. "బుధవారమా?" అన్నాడు, ఆవిడకు జ్వరమేమైనా వచ్చిందేమోనన్నట్టు చూస్తూ.

మిగతా పిల్లల సంగతి నవ్వుకోడానికైనా పనికొస్తుంది. కెజాయా జెర్నా సంగతి అలా కాదు. పదకొండో తరగతి. పొడుగాటి పిల్ల, తలుపుల కింద నుంచి వెళ్ళేటప్పుడు అలవాటుగా తల వంచుతుంది. మాట తక్కువ. ఏడాది మొదటి నుంచీ వృద్ధాశ్రమంలో పక్కలు సర్దుతోంది. నెరిడా చూడ్డానికి వెళ్ళిన గురువారం ఆ పిల్ల దుప్పటి సగం పరిచి కిటికీ దగ్గర నిలబడిపోయింది. బయట సామాను దింపే లారీ ఒకటి దగ్గుతూ కదులుతోంది.

"ఏం చూస్తున్నావమ్మా?"

కెజాయా ఉలిక్కిపడింది. "ఏం లేదు మిస్. ఆ ఇంజను పాపం చచ్చిపోయేలా ఉంది. ఎవరైనా విప్పి చూస్తే బాగుండును."

"నీకు ఇంజన్లంటే ఇష్టమా?"

ఆ పిల్ల జవాబు చెప్పడానికి ముందు వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. అప్పుడు చెప్పింది. డాల్బర్‌లో మెర్వ్ డొలార్డ్ అనే ఆయనకు ట్రాక్టర్లు, కోత యంత్రాలు బాగుచేసే పెద్ద షెడ్డు ఉంది. వచ్చే జనవరిలో ఆయన ఒక్కర్ని పనిలో చేర్చుకుని నాలుగేళ్ళు నేర్పిస్తాడు. కానీ తన దగ్గర కొన్నాళ్ళైనా గురువారం పని చేసిన పిల్లల్నే తీసుకుంటాడు. ఇప్పుడు వెళ్ళకపోతే ఇక అంతే. మళ్ళీ నాలుగేళ్ళ దాకా ఆ చోటు ఖాళీ కాదు.

"మరి అక్కడికి పంపమని అడగలేదేం?"

"ఎలా అడుగుతాను మిస్?" అంది కెజాయా. ఆ గొంతులో కోపం లేదు. అది జరగని పని అన్నట్టు చెప్పింది, అంతే.

ఒక ఆడపిల్ల ఇంజన్ల పని నేర్చుకుంటానని అడగడానికి జంకుతోందంటే ఇంకా ఏ కాలంలో ఉన్నాం అనుకుంది నెరిడా. అలా అనుకోవడం తప్పు కాదు. ఇక్కడి విషయం మాత్రం అది కాదు.

ఆశ్రమం నడిపే గ్లెనిస్ హారప్ దగ్గరికి నేరుగా వెళ్ళింది. గ్లెనిస్ అరవై దాటిన మనిషి. గొంతెత్తితే ఆశ్రమంలో చెవులు వినబడని ముసలాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

"కెజాయాను డాల్బర్ షెడ్డుకి మార్చాలనుకుంటున్నానండీ."

గ్లెనిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "డొలార్డ్ దగ్గరికా? ఇప్పుడా? నీకేమైనా పిచ్చా తల్లీ?"

"ఆ పిల్లకి ఇంజన్లంటే ఇష్టం. పక్కలు సర్దడం..."

"పక్కలు సర్దడం ఎవరికి ఇష్టం? నాకు ఇష్టమా? చూడమ్మడూ, ఆ పిల్లని నేను పన్నెండో ఏట నుంచీ తీర్చిదిద్దాను. కన్నకూతురి కంటే ఎక్కువ. సెప్టెంబరు అయిపోనీ, అప్పుడు చూద్దాం."

"సెప్టెంబరులో ఏముంది?"

గ్లెనిస్ ఆవిడ వైపు జాలిగా చూసింది. "సెప్టెంబరు కదమ్మా" అంది.

గురువారం కదా, సెప్టెంబరు కదా. ఈ ఊరి వాళ్ళకి క్యాలెండరు తప్ప వేరే జవాబు లేదా అనుకుంటూ నెరిడా కారెక్కింది. పన్నెండో ఏట నుంచీ పక్కలు సర్దడం నేర్పిందా ఈవిడ? ఎన్ని కూడికలు తీసివేతలు చేసినా ఎక్కడో తేడా వస్తోంది.

యజమానులతో, పిల్లలతో మార్కులు వేసుకునే సమావేశం వచ్చే మంగళవారం. అంతా రాసి సిద్ధం చేసుకోవాలని ఆ వారం ఆవిడ అడిలైడ్ వెళ్ళలేదు. శనివారం మధ్యాహ్నం టీలోకి పాలు అయిపోయి బజారుకి వెళ్ళింది. కొట్టు మూసి ఉంది. బేకరీ మూసి ఉంది. పెట్రోలు బంకులో మనిషి లేడు. వీధిలో ఒక్క కుక్క మాత్రం ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పడమటివైపు పరుగు తీసింది. అటునుంచి ఒక్కసారిగా వందలాది కార్ల హారన్లు మోగాయి. ఊరికేమైందో ఏమోనని నెరిడా కంగారుపడింది. తను కూడా కుక్క వెనకే వెళ్ళింది.

ఊరంతా మైదానం చుట్టూ ఉంది. కార్లన్నీ ముక్కులు లోపలికి పెట్టి వలయంగా ఆగి ఉన్నాయి. గోలు పడినప్పుడల్లా అన్నీ కలిసి మోగుతున్నాయి. ముదురెరుపు జెర్సీలు కూరింగావి, నీలం జెర్సీలు డాల్బర్‌వి. భుజాలతో గుద్దుకుంటూ ఆడే ఇక్కడి ఫుట్‌బాల్ అంటే నెరిడాకు మొదటి నుంచీ ఒంటికి పడదు. అందుకే బంతిని కాక మనుషుల్ని చూసింది. చూసిన కొద్దీ కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి.

ముదురెరుపు జెర్సీలో ఫ్లిన్. వాడి భుజం తగిలి ఇద్దరు నీలం జెర్సీల వాళ్ళు బొర్లాపడ్డారు. గట్టు మీద నిలబడి "అదిరా నా భుజం!" అని అరుస్తున్నది సైలో యజమాని. ఆయనే కోచ్. బాణంలా పరిగెడుతున్నది యాంగస్. వాడికి నీళ్ళ సీసా అందిస్తున్నది గొర్రెల షెడ్డు యజమాని. అవతల డాల్బర్ వైపు ఎర్రటి మొహంతో చేతులు విసురుతున్నది మెర్వ్ డొలార్డ్. ఆయన పక్కన నీలం జెర్సీల్లో ఆయన షెడ్డుకి గురువారం వెళ్ళే కుర్రాళ్ళు. ఆవిడ పనిచోట్ల పట్టిక మొత్తం గడ్డి మీద పరిగెడుతోంది.

పక్కనే ఆడపిల్లలు బుట్టలో బంతి వేసే నెట్‌బాల్ కోర్టు. గ్లెనిస్ మెడలో ఈల. ఆవిడ జట్టులో వెనక గోలు కాసే చోట కెజాయా రెండు చేతులూ పైకెత్తి నిలబడితే అవతలి పిల్లకు ఆకాశం కనబడట్లేదు. ఆ అవతలి పిల్ల మెర్వ్ కూతురు.

ట్రెవర్ ఏప్రన్ కట్టుకుని మాంసం కూరి కాల్చిన పైలు అమ్ముతున్నాడు. నెరిడాను చూసి మొహం విప్పారింది. "వచ్చావా! సాసు వెయ్యనా?"

"ట్రెవర్," అంది నెరిడా, "పిల్లల్ని మీరు పంచింది... జట్లను బట్టా?"

"మేం పంచడమేమిటమ్మా, యజమానులే పంచుకుంటారు. ఇక్కడ ఎవరి దగ్గర పనిచేస్తే వాళ్ళ జెర్సీ వేసుకుంటారు. మా తాతల నాటి నుంచీ అంతే. గురువారం సాయంత్రం ప్రాక్టీసు. పని అవగానే యజమాని తన బండిలోనే పిల్లల్ని మైదానానికి దింపేస్తాడు. లేకపోతే ఈ దూరాలు ఎవరు తిరుగుతారు? ప్రాక్టీసుకి రానివాణ్ణి శనివారం ఆడనివ్వరు." ఆయన ఒక మాంసం పై మీద సాసు పోసి చేతికిచ్చాడు. "ఇది నీకు తెలియదా? నువ్వెప్పుడూ అడగలేదే!"

అడగలేదట! నెరిడాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆకలేసి చేతిలోని పై తినేసింది.

కెజాయా ఎలా అడుగుతానని ఎందుకందో ఇప్పుడు తెలిసింది. డాల్బర్ షెడ్డుకి వెళ్ళడమంటే నీలం జెర్సీ తొడుక్కోవడమే. అదీ సెప్టెంబరు ఫైనల్స్ ముందు. ఈ ఊళ్ళో అమ్మని వదిలేసినా క్షమిస్తారు కానీ...

మంగళవారం బడి లైబ్రరీలో అందరూ కూర్చున్నారు. బల్ల మీద టీ, లామింగ్టన్ కేకులు. కూరింగా వాళ్ళు కిటికీ వైపు, డాల్బర్ వాళ్ళు తలుపు వైపు. ఎవరూ గీత గియ్యకపోయినా మధ్యలో సందు మాత్రం ఉంది. పిల్లల తరఫున కెజాయాను, ఫ్లిన్‌ను నెరిడా పిలిచింది. ఎవర్ని పిలవాలో ట్రెవర్‌ను అడగలేదు.

"పనిచోట పిల్లలకు రక్షణ?" అని చదివింది నెరిడా. అందరూ నాలుగు వేళ్ళు చూపించారు.

"బడికీ పనిచోటుకీ మధ్య మంచి మాట?" నాలుగు.

"పిల్లలకు ఇష్టమైన పని చూసి పంపడం?"

నాలుగు, నాలుగు, నాలుగు. సైలో ఆయన కేకు నములుతూ రెండు చేతులూ ఎత్తాడు.

"నేను ఒకటి వేస్తున్నాను" అంది నెరిడా.

నమలడం ఆగిపోయింది.

"ఫ్లిన్‌కి వంట ఇష్టం. యాంగస్‌కి ఉన్ని పడదు. కెజాయాకి ఇంజన్లిష్టం. ఏం నేర్చుకోవాలని ఉందిరా అని ఒక్క పిల్లనైనా, ఒక్క పిల్లాణ్ణైనా మనం అడిగామా? శనివారం చూశానండీ, నాకు సిగ్గేసింది. మనం పని నేర్పడం లేదు, జట్లు కట్టుకుంటున్నాం."

తలుపు వైపు నుంచి పకపకా నవ్వు వినబడింది. మెర్వ్ డొలార్డ్.

"బాగా పెట్టావు టీచరమ్మా వాత! చూశావా గ్లెనిస్? ఇంజన్లు విప్పాల్సిన పిల్ల చేత దుప్పట్లు మడతపెట్టించావు. నీకిది న్యాయమా?"

"నీ షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఇష్టపడి వచ్చారా మెర్వ్?" గ్లెనిస్ గొంతు లేచింది. "నీ పొడుగు కుర్రాడికి స్పానరుకీ చెంచాకీ తేడా తెలీదు!"

"అది వేరు. నా షెడ్డులో నేను పని చూస్తాను, జెర్సీ చూడను. ఇదిగో, అందరి ముందూ చెప్తున్నా, రాసుకో టీచరమ్మా. ఆ జెర్నా పిల్ల రేపే వచ్చినా తీసుకుంటాను. జెర్సీ అడిగితే నా పేరు డొలార్డ్ కాదు."

మెర్వ్ కళ్ళలో మెరుపు చూస్తే ఆయన ధర్మాత్ముడని ఎవరూ అనుకోరు. డాల్బర్ నెట్‌బాల్ జట్టులో గోలు కాసే పిల్లకు మోకాలు విరిగి నెలయింది. పనిచోటు మారితే జెర్సీ దానంతటదే మారుతుంది, అడగాల్సిన పనేముంది? అది గదిలో అందరికీ తెలుసు. నెరిడాకు కూడా తెలిసింది, అయితే ఒక్క క్షణం ఆలస్యంగా. తను కార్యక్రమాన్ని బాగుచేస్తున్నదా, డాల్బర్ జట్టునా? గెలిచాననుకున్న మాట నోట్లోనే చేదైపోయింది.

"కెజాయా," అంది, ఏం చెయ్యాలో తోచక, "నీకేం కావాలమ్మా? నిన్నే అడుగుతున్నాను."

కెజాయా లేచి నిలబడింది. అందరూ తలెత్తి చూడాల్సి వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు షెడ్డు కావాలి" అంది.

గ్లెనిస్ కళ్ళు మూసుకుంది. మెర్వ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"కానీ జెర్సీ మారను. మా అమ్మ వేసింది, మా అమ్మమ్మ వేసింది. గురువారం మెర్వ్ గారి దగ్గర పని చేస్తాను, శనివారం కూరింగాకి ఆడతాను." ఆ పిల్ల మెర్వ్ వైపు తిరిగింది. "మీరు జెర్సీ చూడనన్నారు కదండీ."

అలాంటి మాట ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అక్కడ పని చేసి ఇక్కడ ఆడటమా? అది కుదురుతుందా? కుదరదని ఎక్కడా రాసి లేదు, కుదురుతుందనీ రాసి లేదు. అందరూ ట్రెవర్ వైపు చూశారు. ట్రెవర్ కేకు వైపు చూశాడు.

"అన్నాను" అన్నాడు మెర్వ్, నోట్లో జీడి పడినట్టు.

"బాగానే ఉందమ్మా," అంది గ్లెనిస్ నెమ్మదిగా. ఆవిడ గొంతు అంత నెమ్మదిగా కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. "మరి గురువారం ప్రాక్టీసుకెలా వస్తావు? ముప్పావుగంట దూరం. మీ నాన్న బయటి చేలల్లో మందు కొడుతుంటాడు, మీ అమ్మకి ఆస్పత్రి డ్యూటీ. నాకు ఇక్కడ జట్టంతా ఉంటుంది. ప్రాక్టీసుకి రానిదాన్ని శనివారం ఆడించలేను. నీ కోసం రూలు మారిస్తే మిగతా పిల్లల మొహం ఎలా చూడను?"

"నేను తీసుకొస్తాను" అంది నెరిడా.

"గురువారాలు నువ్వు మిగతా పనిచోట్లన్నీ తిరగొద్దూ?" అన్నాడు ట్రెవర్. నిజమే. ఆవిడ పనే అది.

"పోనీ, బుధవారం..."

"బుధవారమా?" అని రెండు ఊళ్ళ వాళ్ళూ ఒక్క గొంతుతో అరిచారు. ఆ రోజు వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

సమావేశం అలా ముగిసిందో చెదిరిందో చెప్పడం కష్టం. ఈ గురువారం నుంచి కెజాయా షెడ్డుకి వెళ్ళాలి, పొద్దున డ్యూటీకి ముందు వాళ్ళమ్మ దింపుతుంది, అంతవరకే తేలింది. ప్రాక్టీసుకి రాలేకపోతే జట్టులో చోటు పోతుంది. జట్టులో చోటు పోతే, ఇంట్లో వాళ్ళు, ఊళ్ళో వాళ్ళు ఆ పిల్లని షెడ్డులో ఎన్నాళ్ళు ఉండనిస్తారు? రెండోవారానికే మళ్ళీ దుప్పట్లు. ఆ పిల్ల బతుకు బాగుచేశానా, రెండు విధాలా చెడగొట్టానా అని నెరిడాకు ఆ రెండు రోజులూ అన్నం సహించలేదు.

అందుకని కాదు గానీ, మిగతా పిల్లలందర్నీ కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. అక్కడ ఇంకో అయోమయం. యాంగస్ ఉన్ని వదిలి పెట్రోలు బంకు మెకానిక్ దగ్గరికి వెళ్తానన్నాడు. అది బాగుంది. ఫ్లిన్ మాత్రం చాలాసేపు ఆలోచించి, "సైలోలోనే ఉంటా మిస్" అన్నాడు.

"అదేంట్రా? వంట ఇష్టమన్నావుగా!"

"ఇష్టమే మిస్. ఇంట్లో వండుకుంటా. మా కోచ్ దగ్గరైతే బాగుంటుంది. ఆయన నాతో మాట్లాడతాడు."

ఇది వాడి ఇష్టమా, ఊరి ఇష్టమా? ఇష్టం అడిగి పంపాలన్నప్పుడు, వాడు చీపురే ఇష్టమంటే ఎంత వెయ్యాలి, నాలుగా ఒకటా? ఆఖరికి సైలో ఆయన దగ్గరికి వెళ్ళి, చీపురుతో పాటు ధాన్యం నాణ్యత చూడటం కూడా వాడికి నేర్పితేనే వాణ్ణి ఉంచుతానని గట్టిగా చెప్పింది. ఆయన బుర్ర గోక్కుని, "అడిగితే ఎప్పుడో నేర్పేవాణ్ణిగా" అన్నాడు. ఈ ఊళ్ళో అందరూ ఆ మాటే అంటారు.

గురువారం మధ్యాహ్నం నెరిడా డాల్బర్ షెడ్డుకి వెళ్ళింది. మెర్వ్ మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. లోపల పెద్ద కోత యంత్రం కింద నుంచి రెండు పొడుగాటి కాళ్ళు బయటికి ఉన్నాయి.

"నా దగ్గరున్న వాటన్నిటిలోకి మురికిది అప్పగించాను," అన్నాడు మెర్వ్, కోపాన్ని దాచుకోకుండా. "పొద్దుటి నుంచీ దాని కిందే ఉంది. భోజనానికి పిలిస్తే రాదు. ఏం మనిషండీ!"

"కెజాయా, బాగున్నావా?" అని వంగి అడిగింది నెరిడా.

యంత్రం కింద మొహం కనబడలేదు. నల్లటి గ్రీజులో తెల్లటి పళ్ళు మాత్రం కనబడ్డాయి. ఇన్ని నెలల్లో ఆ పళ్ళు ఆవిడ ఎన్నడూ చూడలేదు. నెరిడా కూడా సంతోషంతో నవ్వేసింది. ఆ వెంటనే సాయంత్రం గుర్తొచ్చి ఆ సంతోషం కాస్తా ఇంకిపోయింది.

"మెర్వ్, సాయంత్రం ఈ పిల్ల..."

"నాకేం చెప్పకండి" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన క్లబ్బు కుర్రాళ్ళు ఎదురుచూస్తున్నారు.

చివరి పనిచోటు చూసుకుని నెరిడా కూరింగా మైదానానికి వచ్చేసరికి ప్రాక్టీసు మొదలవుతోంది. ట్రెవర్ సైడులైను దగ్గర బంతుల సంచీ పట్టుకుని నిలబడ్డాడు. గ్లెనిస్ పిల్లల్ని వరుసలో పెడుతూ ప్రతి రెండు నిమిషాలకీ రోడ్డు వైపు చూస్తోంది. వెనక గోలు దగ్గర ఇంకో పిల్లని నిలబెట్టింది. ఆ పిల్ల మంచిదే, ఆకాశమే మరీ ఎక్కువ కనబడుతోంది. నెరిడా కారులోనే కూర్చుంది. ఒళ్ళో మార్కులు వెయ్యని కాగితాలున్నాయి. దిగి గ్లెనిస్‌కి మొహం చూపించే ధైర్యం లేదు.

అప్పుడు గేటు దగ్గర ఒక పికప్ బండి ఆగింది. నీలం బండి. తలుపుల మీద డాల్బర్ క్లబ్బు బొమ్మ. ఆ బండి ఆ గేటు దాటి గురువారం లోపలికి రావడం కూరింగా చరిత్రలో ఎవరూ చూడలేదు. పరిగెడుతున్న వాళ్ళు ఆగిపోయారు. ఎవరో తన్నిన బంతి ఎవరూ పట్టుకోక దొర్లుకుంటూ వెళ్ళి కంచెకు కొట్టుకుంది.

బండి నేరుగా నెట్‌బాల్ కోర్టు దాకా వచ్చింది. కెజాయా దూకి కోర్టులోకి పరిగెత్తింది. మోచేతుల దాకా గ్రీజు. మెర్వ్ కూడా దిగాడు. ఆ పిల్ల సీట్లో మర్చిపోయిన ముదురెరుపు సంచీని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని తెచ్చి కోర్టు గీత బయట పెట్టాడు. గీత దాటలేదు.

"ఫైనల్స్‌లో మా అమ్మాయిని మరీ అంత అడ్డుకోకు" అన్నాడు గొణుగుతూ.

"అడ్డుకుంటానండీ" అంది కెజాయా.

"తెలుసులే. వచ్చే గురువారం తెల్లారగానే వచ్చెయ్. గేర్‌బాక్సు విప్పుదాం."

ఆయన వెనక్కి తిరిగాడు. గ్లెనిస్ ఎదురుగా నిలబడి ఉంది. వాళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళుగా కోర్టు బయట ఒక్క మంచిమాట అనుకున్నవాళ్ళు కారు. గ్లెనిస్ తన ఫ్లాస్కు మూత తీసి టీ పోసి చేతికిచ్చింది. మెర్వ్ నిలబడే తాగాడు. కప్పు తిరిగిస్తూ చక్కెర తక్కువైందన్నాడు. ఈల వేసి గ్లెనిస్ ప్రాక్టీసు మళ్ళీ మొదలుపెట్టింది.

నెరిడా కారు దిగి కంచె దగ్గరికి వచ్చింది. ఇష్టమైన పని చూసి పంపడం అన్నదానికి ఎంత వెయ్యాలో ఆవిడకు ఇప్పటికీ తెలియలేదు. రెండు వేద్దామనుకుంది. మళ్ళీ కెజాయా వైపు చూసి, కలం మూసేసి జేబులో పెట్టుకుంది.

ట్రెవర్ నోరెళ్ళబెట్టి నీలం బండి వైపే చూస్తున్నాడు. "ఈయనెందుకొచ్చాడమ్మా ఇక్కడికి?" అన్నాడు, లోకం తలకిందులైన వాడిలా.

నెరిడా ఆయన చేతిలోని సంచీలోంచి ఒక బంతి తీసి కోర్టులోకి విసిరింది.

"గురువారం కదా" అంది.